పాత ఉస్తరా కొన్నారా? ముందు ఇలా శుభ్రం చేయండి

తిరుమలగిరి నుంచి గురువారం జుమ్మేరాత్ బజార్‌కు వెళ్లి పాత ఉస్తరా (మంగలి కత్తి) తెచ్చుకున్నారా? అలాగే గడ్డానికి పెట్టొద్దు. ఎండిన రక్తంలో హెపటైటిస్-బి వైరస్ కనీసం 7 రోజులు బతికే ఉంటుంది. మరక కంటికి కనిపించకపోయినా ప్రమాదమే.

ముందుగా గ్లోవ్స్ వేసుకుని సబ్బు, గోరువెచ్చని నీళ్లు, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి. కత్తి మడిచే సందును వదలొద్దు. మురికి పోకుండా మందు పనిచేయదు. తుడిచి ఆరాక, కత్తి భాగాన్ని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 10 నిమిషాలు ముంచి ఉంచాలి. సందులోనూ చుక్కలు వేయాలి. దగ్గర్లో మంట ఉండకూడదు.

బ్లీచింగ్‌తో ఉక్కు తుప్పు పడుతుంది. మంటపై కాలిస్తే పదును నిలవదు. పూర్తిగా ఆరాక పలుచగా నూనె రాయాలి. తుప్పుతో గుంటలు పడితే అది షోకేసుకే, గడ్డానికి కాదు. శుభ్రం చేశాం కదా అని మాత్రం ఒకరి ఉస్తరా ఇంకొకరు వాడొద్దు.