లెక్కకు రైతు సాక్ష్యం

మద్రాసు ప్రెసిడెన్సీలో ఏటా జమాబందీ అనే శిస్తు లెక్కల తనిఖీ జరిగేది. ఊరి లెక్కలు రాసే కరణాలు అడంగళ్లు (పైరు లెక్కల పుస్తకాలు) మోసుకుని తాలూకా మకాముకు వెళ్లేవారు. ఏ సర్వే నంబరులో ఏ పైరు ఉంది, ఎంత శిస్తు రావాలి అన్నది అధికారులు సరిచూసేవారు. కాగితం మీద అది గట్టి తనిఖీయే. కానీ శిస్తు ఎలా రాబట్టారో చెప్పే గడి ఆ లెక్కల్లో లేదు. శిస్తు వసూళ్లలో హింసపై 1854లో నియమించిన విచారణ కమిషన్ రైతులనే నేరుగా అడిగింది. వేళ్లను చెక్కల మధ్య బిగించడం, మెడకూ కాళ్లకూ తాడు కట్టి ఎండలో వంగోబెట్టడం లాంటి చిత్రహింసలు 1855 నివేదికకెక్కాయి. శిస్తు జమైందని చెప్పే లెక్క ఈ ఘోరాన్ని ఎన్నటికీ చూపలేదు. అందుకే డబ్బు కట్టినవాడి, అందుకోవాల్సినవాడి మాట లేని ఆడిట్ సగం ఆడిటేనని నా వాదన.

2005 ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ ఆ మాటకు చోటిచ్చింది. గ్రామసభకు సామాజిక తనిఖీ బాధ్యత అప్పగించింది. ఆంధ్రప్రదేశ్ 2006 నుంచే దాన్ని ఆచరణలో పెట్టింది. ఊళ్లో మస్టరు రోల్ (కూలీల హాజరు పట్టీ) పైకి చదివితే, చనిపోయిన మనిషికి హాజరు పడిన సంగతి ఇట్టే బయటపడుతుంది. పల్లెజనానికి పద్దులేం తెలుసని కొందరంటారు. ఓచర్ల సంగతి ఆడిటర్ చూసుకోవచ్చు, కానీ ఫలానా రోజు పార పట్టిందెవరో కూలీలకే తెలుసు. తనిఖీల్లో దుర్వినియోగమైనట్టు తేలిన సొమ్ములో వసూలైంది తక్కువేనన్న విమర్శ మాత్రం నిజం. అయితే ఆ తప్పు చర్య తీసుకోని అధికారులది, లెక్క అడిగిన గ్రామసభది కాదు.