ఊరి పేరుతో బరిలోకి: గేలిక్ ఆటల తొలి క్లబ్బులు

ఐర్లండు జాతీయ క్రీడల చరిత్రను సాధారణంగా 1884 నవంబరు 1న టిప్పరరీ కౌంటీలోని థర్ల్స్ పట్టణంలో, హేజ్ హోటలులో జరిగిన ఒక సమావేశంతో మొదలుపెడతారు. పట్టుమని పదిమందైనా హాజరయ్యారో లేదో తేలని ఆ సమావేశంలో పుట్టిన గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ రెండు మూడేళ్లలోనే ఐర్లండులోని చాలా కౌంటీలకు పాకింది. ఇంతటి విస్తరణను వ్యవస్థాపకుల ప్రతిభకే ముడిపెట్టడం పరిపాటి. నిజానికి ఆ సంస్థకు ఊపిరి పోసినవి ఊళ్లలో, చర్చి పరగణాల్లో, దుకాణాల్లో పుట్టుకొచ్చిన క్లబ్బులు. వాటి తొలి పదిహేనేళ్ల కథలో ఎగుడుదిగుళ్లే ఎక్కువ.

ఈ ఆటల్లో ముఖ్యమైనవి రెండు. యాష్ చెట్టు కర్రతో చేసిన, చివర వెడల్పుగా చదునుగా ఉండే బ్యాటుతో చిన్న తోలుబంతిని నేలమీదా గాలిలోనూ కొడుతూ ఆడేది హర్లింగ్. చేతులూ కాళ్లూ రెండూ వాడుతూ పెద్ద బంతితో ఆడేది గేలిక్ ఫుట్‌బాల్. హర్లింగ్ అతి ప్రాచీనమైన ఆటే అయినా 1845–49 నాటి మహా క్షామం తరువాత పల్లెలు చావులతో, వలసలతో ఖాళీ కావడంతో అనేక ప్రాంతాల్లో అడుగంటిపోయింది. మిగిలిన చోట్ల ఏ ప్రాంతం పద్ధతి ఆ ప్రాంతానిదే. మరోవైపు పరుగుపందేల వంటి క్రీడా పోటీలు ఇంగ్లండు నియమాల కింద, ఎక్కువగా శనివారాల్లో జరిగేవి. కూలీలను, చేతివృత్తులవారిని ఆ పోటీలకు దూరంగా ఉంచే ఆనవాయితీ బలంగా ఉండేది. వారమంతా పొలంలోనో కొట్టులోనో పనిచేసి ఆదివారం మాత్రమే తీరిక దొరికే మనిషికి అక్కడ చోటు లేదు.

ఈ స్థితిని మార్చాలని పూనుకున్నవాడు మైకేల్ క్యూసాక్. క్లేర్ కౌంటీ పల్లెలో 1847లో పుట్టిన ఈ ఉపాధ్యాయుడు డబ్లిన్‌లో సివిల్ సర్వీసు పరీక్షలకు శిక్షణ ఇచ్చే పాఠశాల నడిపేవాడు. నోటి దురుసు, పట్టుదల సమపాళ్లలో ఉన్న మనిషి. సంఘం పుట్టకముందే, 1883 డిసెంబరులో, డబ్లిన్‌లో మెట్రోపాలిటన్ హర్లింగ్ క్లబ్బును స్థాపించాడు. మరుసటి ఏడాది ఈస్టర్ సోమవారం నాడు ఆ క్లబ్బు గాల్వే కౌంటీలోని బాలినస్లో సంత మైదానంలో కిలిమర్ జట్టుతో తలపడింది. కిలిమర్‌వారికి 1869 నాటికే తమవైన రాతపూర్వక నియమాలున్నాయి. నగరం నుంచి వచ్చినవారికి ఆ ఆట మరీ మోటుగా, ప్రమాదకరంగా తోచడంతో క్యూసాక్ మధ్యలోనే దానిని ఆపించాడు. ఒకే ఆట పేరుతో రెండు వేర్వేరు ఆటలు ఆడుతున్నారన్న సంగతి ఆ మైదానంలో బయటపడింది. దేశమంతటికీ ఒకే నియమావళి ఎందుకు అవసరమో ఆ అర్ధాంతరపు పోటీ చెప్పినంత స్పష్టంగా క్యూసాక్ ఘాటైన పత్రికా వ్యాసాలు కూడా చెప్పలేదనవచ్చు.

సంఘం తొలి అధ్యక్షుడు మారిస్ డావిన్ క్యూసాక్‌కు పూర్తిగా భిన్నమైన స్వభావం కలవాడు. కారిక్-ఆన్-షూర్‌కు చెందిన ఈ ప్రఖ్యాత క్రీడాకారుడు మితభాషి. 1885 జనవరిలో ఆమోదం పొందిన నియమాలను రూపొందించింది ఆయనే. జట్టుకు 21 మంది చొప్పున ఆడేవారు, మొదట్లో గోల్స్ మాత్రమే లెక్కకు వచ్చేవి. ఫలితంగా గంటసేపు హోరాహోరీగా పోరాడి ఇరుపక్షాలూ సున్నాతో ఇంటిదారి పట్టిన సందర్భాలు కోకొల్లలు. 1885 ఫిబ్రవరిలో కిల్కెనీ కౌంటీలోని కాలన్‌లో కొత్త నియమాలతో జరిగిన తొలి ఫుట్‌బాల్ పోటీల్లో ఒకటి అలాగే ముగిసింది. 1886లో గోలుకు ఇరువైపులా మరో రెండు స్తంభాలు నాటి, వాటి మధ్యగా వెళ్లిన బంతికి 'పాయింటు' ఇవ్వడం మొదలుపెట్టారు. అయితే ఒక్క గోలు ఎన్ని పాయింట్లకైనా మించినదే. గోలు విలువ అయిదు పాయింట్లని 1892లో, మూడేనని 1896లో తేల్చారు. ఆ మూడే నేటి గేలిక్ ఆటలకు పునాది.

క్లబ్బులు అంత వేగంగా పుట్టడానికి కారణం ఆదివారం. ప్రార్థన ముగిశాక చర్చి ముంగిట ఎలాగూ చేరే జనం అటునుంచి అటే మైదానానికి నడిచేవారు. కాథలిక్ పరగణా, అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్ల సమూహం, సహజంగానే క్లబ్బుకు హద్దుగా మారింది. సంఘానికి పోషకుడిగా నిలిచిన కాషెల్ ఆర్చిబిషప్ టామస్ క్రోక్ మద్దతు వల్ల ఎందరో ఫాదిరీలు క్లబ్బులకు అండగా నిలిచారు. మిగతా ఇద్దరు పోషకులు స్వపరిపాలనోద్యమ నాయకుడు చార్ల్స్ స్టూవర్ట్ పార్నెల్, భూపోరాట యోధుడు మైకేల్ డావిట్. 1916లో అనీబీసెంటు మద్రాసు నుంచి నడిపిన ఉద్యమం ద్వారా తెలుగువారికి చిరపరిచితమైన 'హోం రూల్' అన్న మాట అప్పటికే ఐర్లండులో ఇంటింటి మాట. భూస్వాముల మీద 1879 నుంచి సాగిన రైతుపోరాటం పల్లెల్లో సభలు పెట్టడం, చందాలు వసూలు చేయడం, కార్యదర్శిని ఎన్నుకోవడం నేర్పింది. ఆ అలవాటే ఆటల క్లబ్బులకు అక్కరకు వచ్చింది. ఎమెట్, వోల్ఫ్ టోన్, డావిట్ వంటి దేశభక్తుల పేర్లు క్లబ్బులకు పెట్టుకోవడం అందుకే మామూలైంది.

అన్ని క్లబ్బులూ పల్లెల్లోనే పుట్టలేదు. లిమరిక్‌లోని 'కమర్షియల్స్' పేరుకు తగ్గట్టే దుకాణాల సహాయకుల జట్టు. డబ్లిన్‌లో 1885లో ఏర్పడిన 'ఫాస్' వంటి జట్లు పల్లెల నుంచి వలస వచ్చి మద్యం, కిరాణా కొట్లలో కుదురుకున్న కుర్రాళ్లకు ఆసరా అయ్యాయి. 1889లో డబ్లిన్‌కు హర్లింగ్ జాతీయ పతకం తెచ్చిపెట్టిన 'కిక్‌హామ్స్' జట్టులోనూ నగరంలో పుట్టినవారికంటే పల్లెల నుంచి వచ్చినవారే ఎక్కువ.

అఖిల ఐర్లండు పోటీలు 1887లో మొదలయ్యాయి. అప్పుడు కౌంటీ జట్టు అనేది వేరుగా లేదు. కౌంటీలో గెలిచిన క్లబ్బే కౌంటీ పేరుతో ఆడేది. పేర్లు ఇచ్చిన కౌంటీలు చాలానే ఉన్నా తగాదాలు, అనర్హతల మూలంగా హర్లింగ్ బరిలో నిజంగా దిగినవి అయిదే. ఆ ఏటి ఫైనల్ 1888 ఏప్రిల్ 1న, ఈస్టర్ ఆదివారం నాడు, బిర్ పట్టణంలో జరిగింది. రైలు చార్జీల విషయంలో మాటామాటా పెరిగి థర్ల్స్ జట్టులో కొందరు ఆటగాళ్లు ప్రయాణమే మానుకోగా, మిగిలినవారిని జిమ్ స్టేపుల్టన్ నాయకత్వంలో పోగుచేసి తీసుకువెళ్లవలసి వచ్చింది. గాల్వేకు చెందిన మీలిక్ జట్టు ఒక్క పాయింటు కూడా సాధించలేకపోయింది. టామీ హీలీ కొట్టిన గోలుతో తొలి జాతీయ విజేతగా థర్ల్స్ నిలిచింది. దేశపు మొదటి చాంపియన్‌షిప్ రైలు టికెట్ల దగ్గర తడబడటం సంస్థ ఖజానా ఎంత పలచనో చెప్పకనే చెబుతుంది. ఫుట్‌బాల్ కిరీటం లౌత్ కౌంటీకి చెందిన డండాక్ యంగ్ ఐర్లండ్స్‌ను ఓడించిన లిమరిక్ కమర్షియల్స్‌కు దక్కింది.

ఈలోగానే కష్టాలు వరుసకట్టాయి. క్యూసాక్‌ను 1886లోనే కార్యదర్శి పదవి నుంచి తొలగించారు. కోపిష్టితనమూ, లెక్కలు చూడకపోవడమూ ఆయన్ను దెబ్బతీశాయి. సాయుధ విప్లవాన్ని నమ్మిన రహస్య సంస్థ ఐరిష్ రిపబ్లికన్ బ్రదర్‌హుడ్ 1887 నవంబరులో థర్ల్స్ మహాసభను చేజిక్కించుకోగా, ఫాదిరీల వర్గం లేచి వెళ్లిపోయింది. డావిన్ అధ్యక్ష పదవిని కోల్పోయి, 1888 జనవరిలో రాజీ కుదిరాక తిరిగి వచ్చాడు. పోలీసు గూఢచారులు క్లబ్బుల జాబితాలు రాసుకుంటూ ఏ క్లబ్బు ఎవరి వర్గమో పై అధికారులకు నివేదించేవారు, సంఘం పోలీసులకు సభ్యత్వాన్నే నిషేధించింది. వ్యవస్థాపకులలో ఒకడైన టామస్ మెకార్తీ స్వయంగా పోలీసు అధికారి కావడం ఈ ఉదంతంలోని వింత. నిధుల కోసం 1888 శరత్కాలంలో సుమారు యాభైమంది ఆటగాళ్లను అమెరికాకు పంపగా, ఆ యాత్ర సంఘాన్ని అప్పుల్లో ముంచింది. వెళ్లినవారిలో పలువురు అక్కడే ఉండిపోయారు, ఆ ఏటి జాతీయ పోటీలూ పూర్తికాలేదు.

అన్నింటికంటే పెద్ద దెబ్బ పార్నెల్ పతనం. ఒక విడాకుల కేసు మూలంగా 1890 చివర ఆయన పార్టీ నిలువునా చీలినప్పుడు సంఘం ఆయన పక్షం వహించగా, చర్చి ఎదురు నిలిచింది. 1891 అక్టోబరులో ఆయన అంతిమయాత్రలో హర్లింగ్ కర్రలు పట్టుకుని నడిచినవారిని డబ్లిన్ చూసింది. కానీ పరగణా ఫాదిరీ తలుపు మూసుకున్నాక పల్లెలో క్లబ్బు నిలవడం కష్టం. కొన్నేళ్లలోనే క్లబ్బుల సంఖ్య దారుణంగా పడిపోయింది. సంఘాన్ని రాజకీయ నాయకులు నిలబెట్టారనే వాదన బలహీనపడేది ఇక్కడే. వారి కలహం కూల్చినదాన్ని మళ్లీ లేపినవారు స్థానికులే.

కెర్రీ కౌంటీ ఇందుకు సాక్ష్యం. కిలార్గ్లిన్‌లో 1888లో ఏర్పడిన లాన్ రేంజర్స్ కుర్రాళ్లు అంతవరకు రగ్బీ ఆడినవారు. నాలుగేళ్లకే 1892 పోటీల ఫుట్‌బాల్ ఫైనల్ చేరారు. అంతకుముందు ఏడాది పోటీల హర్లింగ్ ఫైనల్‌లో బాలీడఫ్ అనే ఊరి జట్టు వెక్స్‌ఫర్డ్‌కు చెందిన క్రాసబెగ్‌ను అదనపు సమయంలో ఓడించింది. ఫుట్‌బాల్‌లో తిరుగులేని కెర్రీకి హర్లింగ్‌లో నేటికీ అదొక్కటే జాతీయ విజయం, అది కూడా ఒక ఊరి క్లబ్బు తెచ్చిపెట్టినదే.

1892లో రెండు మార్పులు వచ్చాయి. జట్టు సంఖ్య 17కు తగ్గింది. గెలిచిన క్లబ్బు తన కౌంటీలోని ఇతర క్లబ్బుల ఆటగాళ్లను కూడా కలుపుకునే వెసులుబాటు దొరికింది. ఒక ఊరి జట్టు కాలక్రమంలో కౌంటీ జట్టుగా రూపాంతరం చెందడం అక్కడ మొదలైంది. 1901లో జేమ్స్ నోలన్ అధ్యక్షుడిగా, లూక్ ఓటూల్ కార్యదర్శిగా వచ్చాక సంస్థ కుదుటపడింది. 1900–03 మధ్య నాలుగు రాష్ట్రాలకూ మండలులు ఏర్పడి పోటీలకు ఒక క్రమం వచ్చింది. 1913లో జట్టును 15 మందికి కుదించిన సంఘం, డబ్లిన్‌లోని జోన్స్ రోడ్డు మైదానాన్ని కొని దానికి క్రోక్ పేరు పెట్టింది. అప్పటిదాకా కౌంటీ పేరుతో ఆడేవారు సైతం గెలిచిన క్లబ్బు రంగులే తొడుక్కునేవారు. ప్రతి కౌంటీ తనదైన రంగును నమోదు చేయించుకోవాలన్న నియమం ఆ ఏడాదితోనే వచ్చింది.