ఖనిజ ఉష్ణపీడనమాపనం

ఖనిజ ఉష్ణపీడనమాపనం అనగా శిలలోని ఖనిజాల రసాయన సంఘటనాన్ని బట్టి, ఆ శిల భూగర్భంలో పొందిన ఉష్ణోగ్రతను, పీడనాన్ని అంచనా వేసే పద్ధతి. దీనిని ఆంగ్లంలో జియోథర్మోబారోమెట్రీ అంటారు. పాపికొండల వద్ద గోదావరి నది చీల్చుకొని ప్రవహించే తూర్పు కనుమల చరిత్రను తెలుసుకొనుటకు ఇది ముఖ్య సాధనం.

తూర్పు కనుమల శిలలు

ఈ కనుమలలో ఖొండలైట్, చార్నొకైట్ అనే రూపాంతర శిలలు విస్తారంగా ఉన్నాయి. ఖోండ్ గిరిజనుల పేరు మీదుగా టి.ఎల్.వాకర్ 1902లో ఖొండలైట్‌కు ఆ పేరు పెట్టాడు. గార్నెట్, సిల్లిమనైట్, పలుగురాయి, ఫెల్స్‌పార్ ఇందులోని ప్రధాన ఖనిజాలు. కొన్నిచోట్ల బయోటైట్ అనే నల్ల అభ్రకం కూడా ఉంటుంది.

మూలసూత్రం

పక్కపక్కనే ఉన్న గార్నెట్, బయోటైట్‌లు ఇనుము, మెగ్నీషియం అణువులను పరస్పరం మార్చుకుంటాయి. ఉష్ణోగ్రత పెరిగిన కొద్దీ గార్నెట్‌లోకి మెగ్నీషియం ఎక్కువగా చేరుతుంది. ఫెర్రీ, స్పియర్ అనే శాస్త్రవేత్తలు 550 నుండి 800 డిగ్రీల సెల్సియస్ వరకు ప్రయోగాలు చేసి, 1978లో దీనికి సమీకరణం ఇచ్చారు. పీడనాన్ని కొలుచుటకు కాల్షియం ఉపకరిస్తుంది. పీడనం పెరిగితే ప్లాజియోక్లేజ్ ఫెల్స్‌పార్‌లోని కాల్షియం, సాంద్రత ఎక్కువ గల గార్నెట్‌లోకి చేరుతుంది. ఈ మూలకాల పాళ్ళను ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్ అనే పరికరంతో కొలుస్తారు.

ఫలితాలు

పాడేరు, అనకాపల్లి ప్రాంతాల శిలలలో సాఫిరిన్, పలుగురాయి కలిసి కనిపిస్తాయి. ఇవి 900 డిగ్రీలకు పైబడిన వేడికి నిదర్శనం. అక్కడి పీడనం సుమారు 8 నుండి 10 కిలోబార్లు. ఒక కిలోబారు సుమారు మూడున్నర కిలోమీటర్ల లోతుకు సమానం. కనుక నేడు కొండలపై కనిపించే ఈ రాళ్ళు ఒకప్పుడు దాదాపు 30 కిలోమీటర్ల లోతున ఉండేవి. పైనున్న రాతిపొరలు కోట్ల సంవత్సరాలలో కోతకు గురికావడం, భూపటలం పైకి లేవడం వలన ఇవి బయటపడ్డాయి.

పరిమితులు

శిల చల్లబడుతున్నప్పుడు కూడా ఇనుము, మెగ్నీషియం మార్పిడి కొంతకాలం కొనసాగుతుంది. అందువలన గార్నెట్ అంచులు అసలు కంటే తక్కువ ఉష్ణోగ్రతను చూపవచ్చు. ఈ కారణంగా స్ఫటికపు నడిభాగాన్ని, అంచును విడివిడిగా పరీక్షిస్తారు. ఈ పద్ధతి వయస్సును తెలుపదు. అందుకు జిర్కాన్, మోనజైట్‌లలోని రేడియోధార్మిక మూలకాలను పరిశీలించాలి.

అంతర్వేది వంటి గోదావరి డెల్టా తీరాలలోని ఇసుకలో గార్నెట్ రేణువులు లభిస్తాయి. తూర్పు కనుమల శిలలు శిథిలమై ఇటువంటి రేణువులు ఏర్పడతాయి. అయితే విడి రేణువును బట్టి దాని పూర్వపు ఉష్ణోగ్రతను, పీడనాన్ని సాధారణంగా లెక్కించలేరు. దానితో సమతాస్థితిలో ఉండిన బయోటైట్, ఫెల్స్‌పార్‌లు దాని నుండి విడిపోయి ఉండడమే ఇందుకు కారణం. ఒక్క ఖనిజం కాక, కలిసి ఏర్పడిన ఖనిజాల సముదాయమే ఈ పద్ధతికి ఆధారం.