జిజ్ఞాసకు ఆశ్రయం: టాటా మౌలిక పరిశోధన సంస్థ

ఫలితాన్ని ముందుగా నిర్దేశించకుండా, పరిశోధించవలసిన ప్రశ్నను శాస్త్రవేత్తే ఎంచుకునే స్వేచ్ఛనిచ్చే సంస్థలు ప్రపంచంలో తక్కువ. అటువంటి వాటిలో ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ ఒకటి. సంక్షిప్తంగా దీనిని టీఐఎఫ్‌ఆర్ అంటారు.

ఆవిర్భావం

కేంబ్రిడ్జ్‌లో పరిశోధన చేస్తున్న హోమీ జహంగీర్ భాభా 1939లో సెలవుపై స్వదేశానికి వచ్చారు. రెండవ ప్రపంచ యుద్ధం వల్ల తిరిగి వెళ్లలేక, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరారు. మౌలిక భౌతికశాస్త్రంలో ఉన్నతస్థాయి పరిశోధనకు ప్రత్యేక కేంద్రం అవసరమంటూ 1944 మార్చి 12న సర్ దొరాబ్జీ టాటా ట్రస్టుకు లేఖ రాశారు. అణుశక్తితో విద్యుదుత్పత్తి సాధ్యమయ్యే నాటికి దేశం నిపుణుల కోసం విదేశాల వైపు చూడవలసిన అవసరం ఉండరాదన్నది ఆయన వాదన. 1945 జూన్ 1న బెంగళూరులో మొదలైన సంస్థ అదే ఏడాది బొంబాయికి తరలింది.

ముందు వ్యక్తి, తరువాత విభాగం

విభాగాలను ముందే ఏర్పరచి ఖాళీలను భర్తీ చేయడం భాభా పద్ధతి కాదు. సమర్థుడైన శాస్త్రవేత్తను గుర్తించి, అతని చుట్టూ విభాగాన్ని ఎదగనివ్వడమే ఆయన అనుసరించిన మార్గం. మచిలీపట్నంలో జన్మించిన గణితవేత్త కొమరవోలు చంద్రశేఖరన్ 1949లో ప్రిన్స్‌టన్ నుంచి వచ్చి గణిత విభాగాన్ని తీర్చిదిద్దారు. ఆ విభాగానికి చెందిన ఎం.ఎస్.నరసింహన్, సి.ఎస్.శేషాద్రి 1965లో ప్రచురించిన సిద్ధాంతం కేవలం గణిత జిజ్ఞాసతో పుట్టినది. అనంతర కాలంలో సైద్ధాంతిక భౌతికశాస్త్రంలోనూ దానికి ప్రాధాన్యం లభించింది.

స్టాన్‌ఫర్డ్ నుంచి 1963లో వచ్చిన గోవింద్ స్వరూప్‌కు రేడియో ఖగోళశాస్త్ర బాధ్యత అప్పగించారు. ఊటీ కొండవాలుపై 530 మీటర్ల పొడవుతో ఆయన బృందం నిర్మించిన టెలిస్కోపు 1970లో పనిచేయనారంభించింది. ఆ అనుభవమే పుణె సమీపంలో 45 మీటర్ల వ్యాసం గల 30 యాంటెన్నాల భారీ టెలిస్కోపుకు దారితీసింది. భౌతికశాస్త్రం కోసం వెలసిన సంస్థలోనే 1962లో ఒబైద్ సిద్దిఖీ అణుజీవశాస్త్ర పరిశోధనకు శ్రీకారం చుట్టారు. బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రానికి అదే బీజం. విశ్వకిరణాల అధ్యయనానికి బెలూన్లు ఎగురవేసిన సంప్రదాయం హైదరాబాద్‌లో శాశ్వత బెలూన్ కేంద్రంగా స్థిరపడింది.

స్వేచ్ఛ, బాధ్యత

ఈ స్వేచ్ఛకు స్థిరమైన ఆర్థిక వనరులు ఆధారం. తొలినాళ్లలో టాటా ట్రస్టు, బొంబాయి ప్రభుత్వం అండగా నిలిచాయి. అనంతరం కేంద్ర ప్రభుత్వ అణుశక్తి విభాగం ప్రధాన పోషకురాలైంది. ప్రజాధనంతో నడిచే సంస్థకు తక్షణ ప్రయోజనం చూపాలన్న ఒత్తిడి సహజం. అయితే స్వేచ్ఛ అంటే పరీక్షకు అతీతం కావడం కాదు. ఎంపికలో కాఠిన్యం, సాటి శాస్త్రవేత్తల విమర్శ ఇక్కడ గడువులకు బదులుగా నిలిచే కొలమానాలు.

ఈ నమూనాపై విమర్శ కూడా ఉంది. పరిశోధన ప్రత్యేక సంస్థలకు తరలిపోవడంతో విశ్వవిద్యాలయాలు బలహీనపడ్డాయని, విద్యార్థులకు అగ్రశ్రేణి శాస్త్రవేత్తల బోధన దూరమైందని పలువురు భావిస్తారు. 2002లో టీఐఎఫ్‌ఆర్ డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా పొందింది. హైదరాబాద్‌లోనూ ప్రాంగణాన్ని నెలకొల్పి పరిశోధక విద్యార్థులకు ప్రవేశం కల్పిస్తోంది. జిజ్ఞాసకు కల్పించిన ఆశ్రయం తరువాతి తరానికి ఎంతవరకు అందుతుందన్నదే ఇటువంటి సంస్థలకు అసలైన పరీక్ష.