రెక్క తెరచాపల పందెపు పడవలు

చోళమండల తీరమున దుంగలను తాళ్లతో బిగించి జాలరులు కడలిపై నడిపే సాధనానికి తమిళంలో కట్టుమరమని పేరు. తెలుగువారు దానిని తెప్ప అంటారు. ఆ తమిళ పదమే ఆంగ్లంలో ‘కాటమరాన్’ అయి, రెండు సన్నని పడవలను పక్కపక్కన కలిపి కట్టిన నౌకకు స్థిరపడినది. పేరు మన తీరానిదైనను, ఆ జంటపడవ రూపం పసిఫిక్ దీవులవారిది.

1876లో అమెరికా నౌకాశిల్పి నథానియెల్ హెరెషాఫ్ నిర్మించిన ‘అమరిల్లిస్’ అను జంటపడవ న్యూయార్కు పందెంలో ఒంటిపడవలను అవలీలగా దాటిపోయినది. అందుకు దక్కిన బహుమానం నిషేధము. అట్టి పడవలను పందెములలోనికి రానీయలేదు.

1961లో ‘లిటిల్ అమెరికాస్ కప్’ ఆరంభమగుటతో వాటికి తగిన వేదిక లభించినది. పొడవు 25 అడుగులు, వెడల్పు 14 అడుగులు, తెరచాప 300 చదరపు అడుగులు మించరాదు. ఇంతే నియమము. తెరచాపను పెంచరాదు గనుక, ఉన్నదాని శక్తిని పెంచుటయే మార్గమయినది. గుడ్డ గాలికి రూపు మారును. గట్టి రెక్క మారదు. విమానపు రెక్కను నిలువుగా నిలిపినట్లుండే ఈ తెరచాపకు ముందు వెనుక రెండు భాగములు, నడుమ సన్నని సందు. వెనుక భాగమును తిప్పినచో కావలసిన ఒంపు ఏర్పడును. 1974లో ఆస్ట్రేలియావారి ‘మిస్ నైలెక్స్’, 1996లో అమెరికావారి ‘కోజిటో’ రెక్కతోనే గెలిచినవి.

1988లో అమెరికాస్ కప్ కొరకు న్యూజీలాండ్ మహానౌకపై అమెరికా 60 అడుగుల రెక్క కాటమరానును నిలిపి 2–0తో నెగ్గినది. ఆ వివాదము న్యాయస్థానముల కెక్కి, 1990లో అమెరికాకు అనుకూలముగా ముగిసినది.

2013 నాటికి పడవ పొడవు 72 అడుగులు, రెక్క ఎత్తు సుమారు 40 మీటర్లు. నీటి అడుగున అమర్చిన చిన్న రెక్కలు పడవనే పైకెత్తసాగినవి. గుడ్డను దించినట్లు గట్టి రెక్కను నడిసంద్రాన దించుట సాధ్యము కాదు. దానిని క్రేనుతో ఎత్తి దించవలెను. ఆ యేడు మే 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో సాధన సమయమున ఒక కాటమరాను బోల్తాపడి, ఒలింపిక్ స్వర్ణ విజేత ఆండ్రూ సింప్సన్ మరణించినాడు. పిదప పందెమునకు అనుమతించే గాలి వేగమును తగ్గించి, రక్షణ నిబంధనలను బిగించిరి. సెప్టెంబరులో అమెరికా జట్టు 1–8తో వెనుకబడియు 9–8తో గెలిచినది.

2021 అమెరికాస్ కప్ మరల మెత్తని తెరచాపల ఒంటిపడవలకు మళ్లినది. 2019లో మొదలైన సెయిల్‌జీపీ పోటీలు రెక్కనే చేపట్టినవి.

1876 నాటి నియమము కొత్తదనమును వెలివేసినది. 1961 నాటిది హద్దు గీసి దానిని పెంచినది. 2013 నాటిది ప్రాణమునకు విలువనిచ్చినది. నియమము దేనికొరకో ఎరిగి చేసినచో, అది ప్రతిభకు సంకెల కానేరదు.