తెర వెనుక న్యాయమూర్తి

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, దక్షిణ కరొలైనా రాష్ట్రమున, ఎయికెన్ అను చిన్న పట్టణము కలదు. అచట 1935లో నిర్మింపబడిన ఫెడరల్ న్యాయస్థానమున, న్యాయాధిపతి ఆసనము వెనుకగోడకు ఒక చిత్రపటము అమర్పబడెను. ప్రభుత్వము వ్రాయించిన ఆ చిత్రమును ప్రభుత్వ భవనముననే తెరవేసి మరుగుపరచిన వృత్తాంతము తెలిసికొనదగినది.

1929లో మొదలైన ఆర్థిక మాంద్యము వలన జీవనాధారము కోల్పోయినవారిలో చిత్రకారులును పెక్కురు. 1934లో అమెరికా ఖజానా శాఖ ఒక కళావిభాగమును నెలకొల్పినది. క్రొత్త భవనముల నిర్మాణవ్యయములో సుమారు నూటికి ఒక వంతు చిత్రములకును, శిల్పములకును వినియోగింపవలెనని దాని సంకల్పము. పేదరికమును బట్టి గాక, ప్రతిభను బట్టియే పని యొప్పగించెడివారు. 1943 వరకు సాగిన యీ యేర్పాటు మూలమున తపాలా కార్యాలయములును, న్యాయస్థానములును చిత్రశోభను సంతరించుకొన్నవి.

ఎయికెన్ పని స్టెఫాన్ హిర్ష్ అను చిత్రకారునకు లభించినది. రక్షకురాలును, దండించునదియు నగు న్యాయమును ఆయన 1938లో స్త్రీరూపమున చిత్రించెను. ఆమె చేత త్రాసు లేదు, ఖడ్గము లేదు; కన్నులకు గంతలు లేవు. వస్త్రముల యందు మాత్రము అమెరికా పతాక వర్ణములు మూడును కలవు.

వివాదమునకు కారణము ఆమె మేనిచాయ. అది నల్లజాతి రక్తము కలిసిన స్త్రీ రూపమని పట్టణమున అలజడి పుట్టినది. అప్పటి న్యాయాధిపతి ఫ్రాంక్ మైయర్స్ కూడ ఆ చిత్రమును సహింపలేదు. చాయను తేలికపరచుటకు హిర్ష్ అంగీకరించెను. కాని నల్లవారి హక్కులకై పాటుపడు జాతీయ సంఘము, ఆ కారణమున చిత్రమును మార్చుట తగదని అభ్యంతరము తెలిపినది. తుదకు చిత్రమును మార్చలేదు, తొలగింపలేదు. దానిపై తెర వ్రేలాడదీసిరి. దశాబ్దముల పాటు ఆ తెర ముందరనే తీర్పులు చెప్పబడినవి.

ఆనాడు ఆ రాష్ట్రమున తెల్లవారి పిల్లలకును, నల్లవారి పిల్లలకును వేరువేరు పాఠశాలలుండుట శాసనసమ్మతము. ఆ రాష్ట్రమునుండియే వచ్చిన యొక వ్యాజ్యములో, వేరుపరచుటయే అసమానత్వమని 1951లో న్యాయాధిపతి వేటీస్ వేరింగ్ ఒంటరిగా భిన్నాభిప్రాయము వ్రాసెను. 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా, పాఠశాలలలో జాతిని బట్టి వేరుపరచుట రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పినది.

న్యాయము తన కన్నులకు తానే గంతలు కట్టుకొనుట పక్షపాతము లేకుండుటకు గుర్తు. ఎయికెన్‌లో న్యాయము కన్నులు తెరచియే యున్నది; గంతలు చూపరులకు కట్టబడినవి. ఆ తెర చిత్రములోని లోపమును గాక, దానిని చూడనొల్లని సంఘముయొక్క లోపమునే లోకమునకు చాటినది. తెర తొలగించి చూచుటయే కదా చరిత్ర పఠనమునకు ప్రయోజనము!