టి కణంలోని ‘టి’

కోవిడ్ రోజుల్లో మన పత్రికల్లో తరచూ కనిపించిన ‘టి కణం’లోని ‘టి’ థైమస్‌ది. రొమ్ము ఎముక వెనకుండే ఈ గ్రంథికి పెద్ద పనేమీ లేదనుకునేవారు. 1961లో లండన్‌లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల్లో దాన్ని తీసేసి చూశారు. పరాయి ఎలుక చర్మం అతికించినా వాటి శరీరం ఎదురుతిరగలేదు! ఎముక మజ్జలో పుట్టిన ఈ రక్షక కణాలు తమవారెవరో, పరాయివారెవరో నేర్చుకునేది ఈ గ్రంథిలోనే.

అంతటి కణాలనూ మలేరియా పరాన్నజీవి ఏమారుస్తుంది. కాలేయంలో ఉన్నప్పుడు దానికి చోటిచ్చిన కణాన్ని సీడీ8 రకం టి కణాలు పసిగట్టి చంపగలవు. ముదిరిన ఎర్రకణంలో దూరిందా, ఇక దొరకదు. లోపలి శత్రువు ఆనవాలును పైకి చూపే ఎంహెచ్‌సీ అణువులు అక్కడ దాదాపుగా ఉండవు. అప్పుడు సీడీ4 రకం టి కణాలే దిక్కు: బి కణాలను పురికొల్పి యాంటీబాడీలు తయారు చేయిస్తాయి.